ఎర్ర మారుతికి మూడు ఓవెన్లు

బాపట్ల,
ఆగస్టు 6

అత్తకు,

ప్రత్యూష నమస్కరించి రాసేది. హాస్టల్లో తిండి బాగానే ఉంది. పప్పు మాత్రం నీ పప్పు కాదు.

ఫోనులో అయితే నా నోట్లోంచి "బాగున్నా, తిన్నా" తప్ప ఏమీ ఊడిపడదనీ, ఉత్తరం రాస్తే నీకు చదవడం అలవాటవుతుందనీ అన్నావు. లైసెన్సు పరీక్ష కోసం నడివయసులో అక్షరాలు దిద్దుకున్నావు. ఇప్పుడు మామయ్య డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్లకు కారు నేర్పుతున్నావు. నువ్వు అడిగితే కాదనేదెవరు? అందుకే ఈ ఉత్తరం.

అయితే నాకూ ఒక అవసరం ఉంది. అమ్మానాన్నలు భట్టిప్రోలులో పొలం పనులకు పోతుంటే, నన్ను రేపల్లె తెచ్చుకుని బళ్లో వేశావు. మన ఇళ్లలో బడి గడప తొక్కిన మొదటి పిల్ల ఇదేనని ఇప్పటికీ అందరికీ చెబుతావు. ఇంత చేసినదానివి, ఇంకా ఏదైనా అడగాలంటే నాకు నోరు రాదు. కాగితం మీద కాబట్టి అడుగుతున్నాను. తెనాలిలో మెకానిక్ బసవేశ్వరరావు గారి షెడ్డులో ఊరికే పడి ఉన్న మన ఎర్ర మారుతి నాకు కొన్నాళ్లు కావాలి.

ఎందుకో చెబుతాను. కారు ఇంజనులో స్పార్క్ ప్లగ్గు కొన దగ్గర చిన్న నిప్పురవ్వ పుడుతుంది. పెట్రోలూ గాలీ కలిసిన ఆవిరి దానితో అంటుకుంటుంది. పెట్రోలు తగ్గించి గాలి పెంచితే ఆదా. కాని అంత పల్చటి ఆవిరిని ఆ ఒక్క రవ్వ అంటించలేదు. ఇంజను దగ్గి ఆగిపోతుంది. నా ఇంజనీరింగు కాలేజీ ప్రాజెక్టు ఏమిటంటే, రవ్వ పుట్టిన క్షణంలోనే దానికి మైక్రోవేవ్ తరంగాలు అందించడం. ఓవెనులో అన్నం వేడి చేసేవి అవే. అవి తగలగానే రవ్వ ఉబ్బి మెరిసే బంతిలా అవుతుంది. దాన్ని ప్లాస్మా అంటారు. ట్యూబులైటులో వెలిగేదీ, ఆకాశంలో మెరిసేదీ కూడా అదే. అది తగిలితే పల్చటి ఆవిరి కూడా అంటుకుంటుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. చాలా దేశాల్లో దీని మీద పని జరుగుతోంది. పాత సామానుతో, పాత కారులో చేసి చూపించడమే నా పని.

దసరా వెళ్లగానే పూణేలోని ఒక పరిశోధన కేంద్రం నుంచి శ్రీకర్ గారని ఒకాయన వచ్చి చూస్తారు. నిజం కారు ఇంజనులో ఇది పని చేస్తే నన్ను అక్కడ పరిశోధనకు తీసుకుంటారు. లేకపోతే గుంటూరులో ఒక షోరూములో సర్వీసు కౌంటరు ఉద్యోగం ఉంది. అది మంచిదే. కాని నాకు పూణే కావాలి అత్తా. ఇంత గట్టిగా నేను ఇంతవరకు దేన్నీ కోరుకోలేదు.

మారుతికి సిలిండర్లు మూడు, ఒక్కోదానికి తరంగాలు పుట్టించే భాగం ఒకటి కావాలి కాబట్టి వాడకుండా పడి ఉన్న ఓవెన్లు కూడా మూడు కావాలి. మా గైడు క్రిస్టినా మేడం ఇంట్లో ఒకటి దొరికింది. తెనాలిలో ఒక బేకరీ వాళ్లు ఇంకోటి ఇస్తామన్నారు. మూడోది నీ వంటింట్లో ఉంది.

నీ
ప్రత్యూష

రేపల్లె,
ఆగస్టు 14

చిరంజీవి ప్రత్యూషకు అత్త దుర్గాంబ దీవించి రాయునది.

నీ ఉత్తరం చదవడానికి రెండు పూటలు పట్టింది. మీ మామయ్య తాను చదివి పెడతానని చెయ్యి చాచాడు. ఆ చేతి మీద ఒక్కటి వేశాను.

ఏంటే, కారులో ఓవెను పెడతావా? తోలేవాళ్లు ఉడికిపోరూ? "దుర్గా, ఇక బానెట్టు మీదే పెసరట్టు పోసుకోవచ్చు" అంటున్నాడు మీ మామయ్య. ఆయన్ని అలా ఉంచు. నాకు అర్థమైంది చెబుతా, తప్పైతే చెప్పు. పచ్చి కట్టెలున్న పొయ్యికి ఒక మూల అగ్గిపుల్ల గీసి పెడితే ఆరిపోతుంది. నడి మధ్యలో ఎండు కొబ్బరి మట్టలు కూరి అంటిస్తే పొయ్యంతా ఒక్కసారి అందుకుంటుంది. అదే కదా?

ఎర్ర మారుతి తీసుకో. నేను స్టీరింగు పట్టడం నేర్చుకున్నది అందులోనే. మళ్లీ నడుస్తుందంటే నాకు సంతోషమే. ఓవెను కూడా పంపుతున్నాను. లక్కీ డ్రాలో వచ్చిన నాటి నుంచి దాన్ని చూస్తే నాకు భయం, అందుకే మరమరాలు పోసి పెట్టాను. మరమరాలు కూడా అందులోనే ఉన్నాయి, తిను.

ఒక్క మాట. దసరాకి పూజ చెయ్యకుండా మన బండి ఏదీ రోడ్డెక్కదు. కొత్త వస్తువు బిగించినా అంతే. పండగ రోజు నేనే తెనాలి వచ్చి చేస్తా. ఎవరు అడ్డమొచ్చినా ఊరుకోను.

ఇక్కడి కబురు ఒకటి. హైస్కూలు టీచరు స్వర్ణలత నా దగ్గర కారు నేర్చుకుంటోంది కదా. నిన్న బ్రేకు అనుకుని ఎక్సలేటరు తొక్కి రైసు మిల్లు గేటు దాకా తీసుకుపోయింది. "కాలు తియ్యవే తల్లీ" అని ఒక్క అరుపు అరిచాను. మిల్లులో హమాలీలు బస్తాలు దించేసి బయటకొచ్చారు. అంతే, ఆ తర్వాత ఒక్కసారి కూడా తప్పు తొక్కలేదు.

వేళకి తిను.

అత్త

తెనాలి,
సెప్టెంబరు 21

అత్తకు,

పచ్చి కట్టెల పొయ్యి మాట అచ్చంగా నిజం. మేడానికి చెబితే రిపోర్టులో రాయమన్నారు.

స్నేహితురాలు సునీల వాళ్ల మేడ మీద గదిలో ఉంటున్నాను. పొద్దున్నే షెడ్డుకి పోతాను. మరమరాలు బసవేశ్వరరావు గారు ఒక్కరే తినేశారు. మనిషి మంచివారే, కాని మాటలు! మొదటి రోజు మూడు ఓవెన్లు విప్పుతుంటే నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఈ తెనాలిలో నా చెయ్యి పడని బండి లేదమ్మాయ్. ఇంజను దగ్గితే ఏం మందెయ్యాలో నాకు తెలుసు. ఇదేంటి, బండికి కరెంటు వైద్యమా?"

"అవునండి, అలాంటిదే."

"బతుకుద్దా?"

"చూడాలండి."

మర్నాడు ఆయన పొట్టకి తడి తువ్వాలు చుట్టుకుని వచ్చారు. ఓవెను తరంగాలు పొట్టకి మంచివి కావని వాళ్లావిడ చెప్పిందట. క్రిస్టినా మేడం బాపట్ల నుంచి వచ్చి, తరంగాలు బయటికి కారుతున్నాయేమో చూసే మీటరు అన్ని వైపులా పెట్టి చూపించారు. ముల్లు కదల్లేదు. ప్లగ్గుల మీద రాగి వలతో చేసిన మూత బోర్లించాను, ఏం కారినా దాన్ని దాటి రాదు. ఆయన తువ్వాలు తీసేశారు. మర్నాడు మళ్లీ కట్టుకొచ్చారు.

ఇక అసలు సంగతి. నిన్న మూడు సిలిండర్లూ కలిసి అందుకున్నాయి! ముందు మామూలు ప్లగ్గులతో నడిపి, పెట్రోలు కొంచెం కొంచెంగా తగ్గించాం. ఇంజను వణికి ఆగిపోయింది. తర్వాత నా ప్లగ్గులు పెట్టి, అదే చోటు దాకా తగ్గించాం. ఆగలేదు. ఇంకా తగ్గించాం. ఆగలేదు. నేను అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. "ఏంటమ్మాయ్?" అంటే పొగ అన్నాను. "పొగ లేకుండానే నడిపావుగా" అన్నారాయన.

దసరా మర్నాడు పొద్దున శ్రీకర్ గారి పరీక్ష. పండగ రోజు నేను బాపట్ల వెళ్లి, మర్నాడు మేడంతో కలిసి ఆయన్ని వెంటబెట్టుకుని రావాలి. అందుకని నువ్వొచ్చే వేళకి నేను షెడ్డులో ఉండను. నువ్వొచ్చి పూజ చేసుకో. నాకు అదే ధైర్యం.

నీ
ప్రత్యూష

రేపల్లె,
అక్టోబరు 4

చిరంజీవి ప్రత్యూషకు,

పొద్దుటి నుంచి నీ ఫోను మోగుతూనే ఉంది, ఎత్తవేంటే? "పని ఉంది, ఉత్తరం రాస్తా" అని ఒక్క ముక్క పంపావు. పరీక్ష బాగా జరిగి సార్లతో మాట్లాడుతూ ఉంటావులే అనుకుని నేనే రాస్తున్నా.

పూజ ఎంత బాగా జరిగిందో నువ్వు చూడాల్సింది. తెనాలి స్టేషను దగ్గర బంతి పూలు కొన్నాం. మీ మామయ్య బండి కడిగాడు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్టు మీద దండ, స్టీరింగుకి బొట్టు. కొత్త వస్తువులు అసలైనవి కదా, వాటిని వదుల్తానా? ఆ రాగి వల మూత జాగర్తగా ఎత్తాను. తెల్లగా మూడూ ఎంత ముద్దుగా ఉన్నాయో! నున్నగా ఉండి పసుపు నిలవలేదు. కొట్టిన కొబ్బరికాయ నీళ్లతో పసుపు ముద్దగా కలిపి, మూడిటికీ మెడ దాకా పూసి కుంకం పెట్టాను. మూత ఎలా ఉన్నది అలాగే పెట్టేశా. షెడ్డులో నీ గుడ్డముక్క ఒక్కటి కూడా కదపలేదు, చూశావా నా ఒద్దిక!

బసవేశ్వరరావు కొబ్బరి చిప్ప మొత్తం ఒక్కడే తిన్నాడు. పొట్టకి తువ్వాలు ఉంది, అదేంటని అడిగితే చెప్పడు.

పూణే ఎప్పుడు వెళ్లాలో రాయి. పచ్చళ్లు పెట్టాలి.

అత్త

బాపట్ల,
అక్టోబరు 9

అత్తకు,

నీ ఉత్తరం అందింది.

ఆ రోజు ఇంజను స్టార్టు కాలేదు. తేమ వల్ల. తప్పు నాదే, ప్లగ్గులకు తొడుగు వెయ్యాల్సింది. శ్రీకర్ గారు వెళ్లిపోయారు. మళ్లీ ఒకసారి రమ్మని మేడం అడుగుతున్నారు. ఆయన ఇంకా ఏమీ చెప్పలేదు. గుంటూరు వాళ్లు వచ్చే నెల చేరమంటున్నారు.

పచ్చళ్లు ఇప్పుడే పెట్టకు.

ఇంకో మాట. ఒకవేళ మళ్లీ పరీక్ష పెడితే, దానికి ముందు నువ్వు షెడ్డుకి రాకపోతే బాగుంటుంది. అక్కడ అందరూ ఉంటారు, ఇబ్బంది. ఏమీ అనుకోకు.

ఇక్కడ వానలు. మామయ్యని అడిగానని చెప్పు.

ప్రత్యూష

రేపల్లె,
అక్టోబరు 15

ప్రత్యూషకు,

నీ ఉత్తరం ఈసారి ఒక్క గుక్కలో చదివేశాను. చిన్నది కదా.

ఇంజను స్టార్టు కాలేదని బాధ పడ్డాను. ఆ తర్వాత కింద రాసింది చదివాను. రావద్దన్నావు. అక్కడ అందరూ ఉంటారన్నావు. ఎవరే ఆ అందరూ? మీ మేడమూ, ఆ పూణే ఆయనా కదా. మోచేతి దాకా గాజులు వేసుకుని, కొబ్బరికాయా నిమ్మకాయలూ పట్టుకొచ్చే అత్తని వాళ్లకి చూపించడం ఇబ్బందే. నాకు తెలుసు. చదువు పెరిగితే ఇలాంటివి వస్తాయని మీ మామయ్యకి నేనే చెప్పేదాన్ని. నా ఇంట్లో రావనుకున్నాను.

నేను రాను. నువ్వేమీ అనుకోకు.

స్వర్ణలత రివర్సు బాగా నేర్చుకుంది. ఆమెకైనా పొగడ్తలు రాసిపెడతాను, ఉత్తరం పట్టుకుని సంతోషిస్తుంది.

దుర్గాంబ

బాపట్ల,
అక్టోబరు 19

అత్తా,

కింద "అత్త" అని కాకుండా పేరు రాశావు. అది చూసి కూర్చోలేకపోయాను. అన్నీ చెప్పేస్తాను, నువ్వు తిట్టినా సరే.

స్టార్టు కాకపోవడానికి కారణం పసుపు.

ప్లగ్గు పైన ఆ తెల్ల పింగాణీ ఉన్నది అందం కోసం కాదు. కరెంటు దాని మీద పాకలేదు, అందుకే లోపలి కొన దాకా పోయి అక్కడ రవ్వ కొడుతుంది. కొబ్బరి నీళ్లలో ఉప్పులుంటాయి. వాటితో కలిపిన పసుపు రాత్రి మంచుకి చెమ్మగిల్లింది. కరెంటుకి పైపైనే దారి దొరికింది. లోపలికి ఎందుకు పోతుంది? రవ్వ లేదు. రవ్వ లేకపోతే ప్లాస్మా లేదు. మైక్రోవేవ్ వచ్చి ఏం చేసిందంటే, ఓవెనులో చేసే పనే చేసింది. పసుపు వేయించింది.

మూత పైనుంచి పొగ వచ్చింది. శ్రీకర్ గారు వరసగా తుమ్మారు.

"ఇదేంటమ్మా, కూర వాసన?" అన్నారు.

"పింగాణీ మీద ఏదో పడింది సార్."

"ఏం పడింది?"

"తేమ సార్."

ఆయన మూత ఎత్తి చూశారు. "తేమ పచ్చగా ఉంటుందా?"

బసవేశ్వరరావు గారు పైకప్పు రేకులు చూస్తూ నిలబడ్డారు. "కార్లు రోడ్డు మీద తిరగాలమ్మా. దుమ్ము, బురద, నూనె అన్నీ పడతాయి. పైన ఏదో అంటుకుంటే ఆగిపోయేదాన్ని ఏం చేసుకుంటాం?" అని ఆయన కారెక్కి వెళ్లిపోయారు.

ఆయన అన్నది న్యాయమే. పూజలో తప్పు లేదత్తా. కేబులు మాటిమాటికీ తీసి పెట్టాలని తొడుగు లేకుండా వదిలేసింది నేను. పండగకి ముందు నీకు రాసిన ఉత్తరంలో "ప్లగ్గులు మాత్రం ముట్టుకోకు" అని రాయబోయాను. కలం ఆగిపోయింది. నాకు అన్నం పెట్టిన చేతులతో ముట్టుకోవద్దని ఎలా అంటాను అనుకున్నాను. ఆ తర్వాత పసుపు సంగతి చెబితే ఇంకెప్పుడూ ఏ బండికీ బొట్టు పెట్టవని భయం వేసింది. మళ్లీ వస్తే మళ్లీ పూస్తావు, నేను మళ్లీ వద్దనలేను. అందుకే రావద్దని రాశాను. వాళ్లకి నిన్ను చూపించడం నాకు ఇబ్బందా? క్రిస్టినా మేడానికి నీ గురించి ఎంత చెప్పానంటే, "మీ అత్తగారి పాఠాలు నేను కూడా వినాలి" అంటున్నారు.

ఇంకో కబురు. శ్రీకర్ గారు నవంబరు 18న మరోసారి వస్తామన్నారు. ఇదే ఆఖరు. ఈసారి ప్లగ్గుల మీద కావాలని మురికి పూసి నడపాలట. సిలికోను రబ్బరుతో తొడుగులు పోస్తున్నాను. మొదటివి బీటలు వారాయి.

నువ్వు రా అత్తా.

నీ
ప్రత్యూష

రేపల్లె,
అక్టోబరు 25

ఒసేయ్ ప్రత్యూషా,

చదువుతూ మొదట ఏడుపొచ్చింది. పసుపు వేగిన చోటికి వచ్చేసరికి నవ్వొచ్చింది. "తేమ పచ్చగా ఉంటుందా" దగ్గర నవ్వలేక కూలబడ్డాను. ఏమైందోనని మీ మామయ్య మంచినీళ్లు పట్టుకొచ్చాడు. చదివి వినిపించాను. ఆయన గ్లాసు ఒలకబోసుకున్నాడు.

ఇప్పుడు తిట్లు విను. అన్నేళ్లు నా ఇంట్లో ఉన్నావు, నా పక్కన పడుకున్నావు, "అత్తా, అది ముట్టుకోకు" అని ఒక్క మాట అనలేకపోయావా? నా పక్క సీట్లో కూర్చుని స్వర్ణలత తప్పు తొక్కితే, పెద్ద టీచరు కదా, గౌరవం కదా అని నోరు మూసుకుంటానా? మూసుకుంటే ఆమె గౌరవంగా కాలవలోకి పోయేది. అరుస్తా. అరిచాక ఇద్దరం టీ తాగుతాం. అదీ పద్ధతి. నువ్వు అరవలేదు, అందుకే నీ పూణే కాలవ అంచు దాకా పోయింది.

ఇంకోటి. ప్లగ్గుకి పసుపు పూయకపోతే నా దేవుడికి కోపం రాదు, తుడిచినా రాదు. నువ్వు మనసులో పెట్టుకుని లోలోపల కుమిలితే ఆయనకి వస్తుందో లేదో గాని నాకొస్తుంది.

పరీక్షకి నేను రాలేను. అలిగి కాదు. ఆ రోజే స్వర్ణలతకీ ఇంకొందరికీ లైసెన్సు పరీక్ష. నేను పక్కన లేకపోతే స్వర్ణలత గేరు మారుస్తూ దేవుడికి దండం పెడుతుంది. నీ ఇంజను నువ్వు చూసుకో, నా ఆడవాళ్లని నేను చూసుకుంటా.

మురికి పూయాలన్నాడా ఆయన? రోడ్డు మీద బురద దేనికి? మన స్కూల్లో పని చేసే బాబీ తెనాలి వస్తున్నాడు, వాడి చేత మన పసుపు పొట్లం పంపుతున్నా. ఈసారి నీ చేత్తో నువ్వే పూయి. కొబ్బరి నీళ్లతోనే కలుపు.

అత్త

తెనాలి,
నవంబరు 18

అత్తా,

షెడ్డు బయట బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. చేతికి ఇంకా పసుపు ఉంది, కాగితానికి అంటుకుంటే క్షమించు.

శ్రీకర్ గారు పదిన్నర బండికి దిగారు. షెడ్డులోకి వస్తూనే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఈసారి కూర లేదు కదమ్మా?" అన్నారు.

"ఉంది సార్" అన్నాను.

పొట్లం విప్పాను. బసవేశ్వరరావు గారు కొబ్బరికాయ కొట్టారు. నీళ్లు పోసి కలుపుతూ, మేడం ముందే ఆయనతో చెప్పేశాను. "ఆ రోజు తేమ అని అబద్ధం చెప్పాను సార్. మా అత్త దసరా పూజ చేసి ప్లగ్గులకు పసుపు పూసింది. ముట్టుకోవద్దని ఆమెకు ముందే చెప్పాల్సింది నేను. పెద్దవాళ్లకి ఎలా చెప్పడమని ఊరుకున్నాను."

ఆయన వెంటనే అడిగారు. "రేపు మా దగ్గర మా లెక్క తప్పైతే? అప్పుడూ పెద్దవాళ్లని ఊరుకుంటావా?"

"ఊరుకోను సార్. అరుస్తాను."

"అరవక్కర్లేదు, చెబితే చాలు" అన్నారు మేడం కంగారుగా.

మూడు తొడుగుల మీదా మెడ దాకా ముద్దగా పూశాను. అది చాలదన్నట్టు శ్రీకర్ గారు డబ్బాలోంచి గ్రీజు తీసి ఆయన కూడా పూశారు. మూత పెట్టాను. తాళం తిప్పాను. ఒకసారి గర్రుమంది. రెండోసారి గర్రుమంది. బసవేశ్వరరావు గారు ఊపిరి బిగబట్టారు, తువ్వాలు జారిపోయింది. మూడోసారి అందుకుంది!

పెట్రోలు తగ్గించుకుంటూ పోయాం. మామూలు ప్లగ్గులతో ఆగిపోయే గీత దాటింది. ఇంకా తగ్గించాం. మధ్యలో మూడో సిలిండరు ఒకసారి తప్పింది. ఇంజను కుంటింది. అయిపోయింది అనుకున్నాను. ఏ తొడుగు వదులైందో తెలుసు, ఆపి సరి చేయనా అని అడిగాను. "ఆపకు, చూద్దాం" అన్నారాయన. కుంటుతూ కుంటుతూ మళ్లీ సర్దుకుంది. మీటర్లన్నీ ఆయనే చూసుకుని, ఆయనే రాసుకున్నారు. తర్వాత పాత ప్లగ్గులు పెట్టి నడిపించారు. చాలా ముందే ఆగిపోయింది.

ఆయన చేతులు కడుక్కున్నారు. టీ తాగారు. మూడో సిలిండరు తొడుగు కొలతలు తప్పని చెప్పారు. కేబులు దారి మార్చాలన్నారు. ఇంకా ఎన్నో లోపాలు చెప్పారు. ఒక్కొక్కటి చెబుతుంటే నాకు గుంటూరు షోరూము కనిపిస్తోంది. చివరికి వెళ్తూ వెళ్తూ అన్నారు:

"జనవరిలో పూణేలో చలి ఎక్కువమ్మా. స్వెట్టరు తెచ్చుకో."

నాకు అర్థం కాలేదు. మేడం నా భుజం పట్టి ఊపారు. అప్పుడు అర్థమైంది. ఆయన కాళ్లకి దండం పెట్టబోతే, "చేతులకి పసుపు!" అని వెనక్కి గెంతారు.

ఇంకో మాట అడిగారు. "మీ అత్తగారు ఏం చేస్తారు?" డ్రైవింగు నేర్పుతుందన్నాను. "మా ఆవిడకి నేర్పుతారేమో కనుక్కో. నేను నేర్పితే రోజూ గొడవే" అన్నారు.

స్వర్ణలత గారు పాసయ్యారా?

నీ
ప్రత్యూష

రేపల్లె,
నవంబరు 24

చిరంజీవి ప్రత్యూషకు అత్త ముద్దులు.

నీ ఉత్తరం స్కూలు బోర్డు పక్కన అతికించమన్నాడు మీ మామయ్య. వద్దన్నాను. నా దగ్గరే ఉంటుంది. వీధి వీధంతా తెలిసిందిలే, బోర్డు ఎందుకు? పచ్చళ్లు మొదలు పెట్టాను. ఆ పూణే ఆయన భార్యని రమ్మను. వారంలో నేర్పిస్తా, ఆయన్ని మాత్రం బండిలో ఎక్కనివ్వను.

స్వర్ణలత పాసైంది. దండం పెట్టలేదు. ఆ సంతోషంలో నాతోపాటు తెనాలి వస్తానంది. నిన్న అందరం రైల్లో పోయి, నీ సామానంతా విప్పించి పాత ప్లగ్గులు పెట్టించుకుని, ఎర్ర మారుతిని నేనే తోలుకొచ్చాను. ముందు సీట్లో స్వర్ణలత, వెనక మీ మామయ్య. బండి దారిలో ఎక్కడైనా ఆగితే తన పరువు పోతుందని బసవేశ్వరరావు కూడా ఎక్కాడు.

భట్టిప్రోలులో ఆపి మీ అమ్మనీ ఎక్కించుకున్నాం. కోటమ్మ పొలంలోంచి అలాగే వచ్చేసింది, చీర కుచ్చెళ్లకి ఇంకా బురద. స్వర్ణలత వెనక్కి పోయి ఆమెని ముందు కూర్చోబెట్టింది. పిల్ల ఏం చేసిందో చెప్పమంది మీ అమ్మ. రవ్వ, ప్లాస్మా, పచ్చి కట్టెలు, పసుపు, తుమ్ములు, అన్నీ చెప్పాను. శ్రద్ధగా విన్నది. విని, ఒక్కటే అడిగింది.

"అంత చదువు చదివి, ప్లగ్గు మీద పసుపు పెట్టొద్దని నీకు చెప్పలేకపోయిందా?"

"అదే కదా నేను అడిగేది!" అన్నాను.

"నీకు చెప్పాలంటే నాకే భయం వదినా. అది పిల్ల, అదేం చెబుద్ది?"

నేను బండి పక్కకి తీసి ఆపాను. చూడు, నాకు కోపం రాలేదు, నిజంగా. తెలుసుకుందామని వెనక్కి తిరిగి అందరినీ అడిగాను. "ఏమండీ, మీరు చెప్పండి. ఏమయ్యా బసవేశ్వరరావూ, ఏమ్మా టీచరమ్మా, నేనంటే అంత భయమా మీకు? నేనేమన్నా పులినా?"

మీ మామయ్య కిటికీలోంచి కాలవ చూశాడు. స్వర్ణలత సంచిలో ఏదో వెతుక్కుంది. బసవేశ్వరరావు ఇంజను ఏదో అంటున్నట్టు చెవి పెట్టి విన్నాడు.

ఒక్కళ్లు కాదనలేదే!

అత్త